ఎక్కడికని అడక్కూడదు

రిటైరైన దగ్గర్నుంచీ వారానికోసారి పొద్దున్నే మా ఊరు మిల్టన్‌లో ఆఫీసుల రైలెక్కి టొరంటో వెళ్తున్నాను. అక్కడ నాకు పనేమీ లేదు. దిగి, రోడ్డు మీద పట్టాలపై నడిచే స్ట్రీట్‌కార్ ఏదో ఒకటి ఎక్కి, అది ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా పోయి, ఓ కాఫీ తాగి తిరిగొస్తాను. దీన్ని షికారు అనడానికి నాకే నోరు రాదు. షికారంటే పక్కన ఇంకో మనిషి ఉండాలి. లాప్‌టాప్ సంచులు ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడే కుర్రకారు మధ్య ఒట్టి చేతులతో కూర్చున్న నన్ను చూసి, పాపం ఈ వయసులో ఈవిడకి ఇంకా ఉద్యోగమేమిటో అనుకుంటారు కాబోలు. అనుకోనీ.

మొన్న నా ఎదురు సీట్లో ఒక తెలుగు కుటుంబం కూర్చుంది. ఫోన్లో మునిగిపోయిన తల్లి, ఆరేళ్ళ కూతురు, ఇండియా నుంచి కొత్తగా వచ్చినట్టున్న అమ్మమ్మ. ఆవిడ స్వెటర్ మీద స్వెటర్ వేసి, దాని మీద శాలువా కప్పుకుంది. రైలు కదలగానే ఆ పిల్ల, "వేర్ ఆర్ వీ గోయింగ్?" అంది. పెద్దావిడ గబుక్కున దాని నోటి మీద చెయ్యి పెట్టి, "తప్పు తల్లీ, బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడక్కూడదు" అంది. "వై?" అంది పిల్ల. పెద్దావిడ శాలువా సర్దుకుంది. తల్లి ఫోన్లోంచి తలెత్తకుండా, "కళ్ళ డాక్టర్ దగ్గరికి" అనేసింది.

ఆ మాట నా ముందు ఎవరో అని ఎన్నేళ్ళయిందో! వాళ్ళు దిగిపోయాక కూడా అదే చెవిలో మోగుతూ ఉండిపోయింది.

*

మేము టొరంటో వచ్చిన కొత్తల్లో నాకు పదేళ్ళు. పద్నాలుగో అంతస్తులో రెండు గదుల అపార్ట్‌మెంట్. నాన్న ఇంజనీరు ఉద్యోగం కోసం వెతుక్కుంటూ, ఈలోగా ఒక డబ్బాల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. అమ్మ ఒక ఆస్పత్రి వంటింట్లో ట్రేలు సర్దేది. పొద్దున్నే ఇద్దరూ వెళ్ళిపోయేవారు. వేసవి సెలవులు రాబోతుంటే, ఇంట్లో నన్ను కనిపెట్టుకుని ఉండడానికని అమ్మమ్మని పిలిపించారు. ఎవరు ఎవర్ని కనిపెట్టుకుని ఉన్నారన్నది వేరే సంగతి.

అమ్మమ్మ పెట్టె తెరిచిన రోజు ఇల్లంతా ఇంగువ వాసన. రెండు జాడీల ఆవకాయ, చింతపండు ముద్ద, నాకు పరికిణీలు, ఒక పంచాంగం, ఒక అలారం గడియారం తెచ్చింది. ఆ గడియారాన్ని ఇక్కడి టైముకి మార్చనివ్వలేదు. "పంచాంగం అక్కడిది, గడియారం ఇక్కడిదైతే ఎలా కుదురుతుందే?" అంది. అందుచేత మా ఇంట్లో పొద్దున పదింటికి సాయంత్రం ఏడున్నర అయ్యేది. వర్జ్యమూ రాహుకాలమూ చాలాసార్లు మా నిద్రలోనే గడిచిపోయేవి. ఈ దేశంలో అన్నీ మంచి ఘడియలేనని అమ్మమ్మ తెగ మురిసిపోయింది.

ఆవిడ వచ్చిన వారానికే నాన్నకి ఒక ఇంటర్వ్యూ వచ్చింది, ఇంజనీరు ఉద్యోగానికి. ఉన్న ఒక్క సూటూ వేసుకుని, బూట్లు తొడుక్కుని, తలుపు మీద చెయ్యి వేశాడు. నేను పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చి, "ఎక్కడికి నాన్నా?" అన్నాను.

ఇల్లంతా ఒక్కసారి బిగుసుకుపోయింది. అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతారుటే?" అంది అమ్మమ్మ. "అంతగా తెలుసుకోవాలంటే దూరమా అనాలి. నాయనా, ఒక్క నిమిషం కూర్చుని కాసిని నీళ్ళు తాగి బయల్దేరు. దోషం పోతుంది."

"బస్సు పోతుందండీ అత్తయ్యగారూ" అని నాన్న వెళ్ళిపోయాడు.

ఆ ఉద్యోగం రాలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు. నాన్న నవ్వేసి, వాళ్ళకి ఇక్కడి అనుభవం కావాలట అన్నాడు. కానీ ఆ సూటు మళ్ళీ కవర్లోకి, ఆ కవరు మళ్ళీ అల్మారాలోకి వెళ్ళడం నేను చూశాను. ఆ రోజు నుంచీ గుమ్మం దాటే మనిషిని ఒక్కమాట అడిగితే ఒట్టు.

*

సెలవులు మొదలయ్యాక అమ్మ మాకొక చట్టం పెట్టింది. తలుపు తీయకూడదు, ఫోన్ ఎత్తకూడదు, బయటికి వెళ్ళకూడదు. మొదటి రెండు మేము నిష్ఠగా పాటించాం.

మూడోది నాలుగు రోజులు ఆగింది. అయిదోరోజు కిటికీ దగ్గర నిలబడి కింద పోయే ఎర్ర స్ట్రీట్‌కార్‌ని చూపించి, "ఆ ట్రాము బండి ఎటు పోతుందే?" అంది అమ్మమ్మ. నాకు తెలీదన్నాను. "ఇన్నాళ్ళబట్టీ ఉండి తెలీదా?" అని చీర మార్చుకుంది. నేత చీర మీద నాన్న పాత ఉన్నికోటు, కాళ్ళకి మేజోళ్ళు, ఆ మేజోళ్ళ మీద చెప్పులు. జూలై నెలలో ఉన్నికోటు వద్దంటే వినలేదు. చలిదేశమని వాళ్ళ ఊళ్ళో అందరూ చెప్పి పంపారు, వాళ్ళ మాట కాదంటే ఏం బావుంటుంది?

అమ్మ అత్యవసరానికని డ్రాయర్లో కొన్ని టోకెన్లు ఉంచేది. చిటికెనవేలి గోరంత బిళ్ళలు. బండెక్కి అవి డబ్బాలో వేస్తే డ్రైవర్ ఒక కాగితం చీటీ చింపి ఇచ్చేవాడు. దాన్ని ట్రాన్స్‌ఫర్ అనేవాళ్ళు. దాంతో ఒక బండి దిగి, ముందుకు పోయే ఇంకో బండి ఎక్కవచ్చు. వెనక్కి రావడానికి మాత్రం అది చెల్లదు. అయితే నాకు ఒక విద్య ఉండేది. తిరుగుబండి ఎక్కి, మొహం వేలాడేసి, మా గ్రాండ్‌మాకి నడుం నొప్పి సార్ అని ఇంగ్లీషులో దీనంగా చెప్పేదాన్ని. అమ్మమ్మకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వేళకి నడుం మీద చెయ్యి వేసుకునేది. డ్రైవర్లు చెయ్యి ఊపి పొమ్మనేవారు. ఆ చీటీకి వెళ్ళడమూ రావడమూ రెండూ ఉన్నాయనే అమ్మమ్మ నమ్మింది. నేనూ దిద్దలేదు. ఇంటికొచ్చాక వాటిని పంచాంగంలో పేజీకొకటి చొప్పున దాచుకునేది.

ఇక్కడ పాలు ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి కదా, ఆ సంచుల్ని అమ్మమ్మ కడిగి, ఆరబెట్టి, మడిచి పెట్టేది. పాలసంచిలో పులిహోర, ఇంకో పాలసంచిలో పెరుగన్నం, మూతికి రబ్బరు బ్యాండు. అదే మా క్యారేజీ. సీట్లో కూర్చుని సంచి మూతి విప్పితే బండంతా పోపు వాసన కొట్టేది. పక్కనున్న వాళ్ళు ముక్కు ఎగబీల్చేవారు. మెచ్చుకున్నారో నొచ్చుకున్నారో మాకు తెలియదు. మెచ్చుకున్నారనే అమ్మమ్మ లెక్క.

ఎన్ని చోట్లకి వెళ్ళామో! చైనా వాళ్ళ కొట్ల వీధిలో కాకరకాయల్ని చూసి, పుట్టింటివాళ్ళు కనబడ్డట్టు వాటి పక్కనే నిలబడిపోయింది. ఒక పార్కులో నేల మీద పాకుతున్న గంగపాయల కూర చూసి, "ఇంత కూర తొక్కుకుంటూ తిరుగుతున్నారేమే వీళ్ళు!" అని ఒడినిండా కోసింది. ఆ రాత్రి గంగపాయల పప్పు తిని అమ్మ కళ్ళు మూసుకుంది. ఎక్కడిదమ్మా ఇది అంటే, "దొరికింది" అంది అమ్మమ్మ. అమ్మ ఇంకో ముద్ద కలుపుకుంది గానీ ఇంకో ప్రశ్న వేయలేదు.

అన్నింటికన్నా మాకు ఇష్టమైనది తూర్పు చివరి స్టాపు. అక్కడ స్ట్రీట్‌కార్ చిన్న గుండ్రని దారిలో గిర్రున తిరిగి, వచ్చిన దారినే మళ్ళీ వెళ్ళిపోయేది. దిగి నాలుగడుగులు వేస్తే సరస్సు. అవతలి గట్టు కనబడదు. మొదటిసారి అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలో దిగి, దోసిట్లోకి తీసుకుని నాలిక్కి తగిలించుకుంది. "ఉప్పు లేదే! ఇంత పెద్ద సముద్రానికి ఉప్పు వెయ్యడం మర్చిపోయాడే దేవుడు" అంది. ఆ మాటకి నేను స్టాపు దాకా నవ్వుతూనే ఉన్నాను. బడిలో నాకు స్నేహితులు లేరు. అంతకుముందు ఆ ఊళ్ళో ఎప్పుడు నవ్వానో గుర్తు లేదు.

*

ఆగస్టులో ఒకరోజు ఊరి నడిమధ్య పెద్ద ఫౌంటెన్ దగ్గర బెంచీ మీద భోజనానికి కూర్చున్నాం. కాళ్ళు కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోవడమేమిటని, అమ్మమ్మ మేజోళ్ళు విప్పి, ఫౌంటెన్ గట్టుమీద కూర్చుని, రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టి శుభ్రంగా రుద్దుకుంది. ఆపైన పుక్కిలించింది కూడా. జనం ఆగి చూశారు. ఆ జనంలో మా బిల్డింగు పన్నెండో అంతస్తు పిల్ల, వాళ్ళమ్మ ఉన్నారు. ఆ పిల్ల నా క్లాసే. అది వాళ్ళమ్మ చెయ్యి గుంజి మమ్మల్ని చూపించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మర్నాడు లిఫ్టులో అదే పిల్ల. చేతిలో చక్రాల బూట్లు. నా పక్కన అమ్మమ్మ.

"నిన్న కాళ్ళు కడుక్కున్నావిడ ఈవిడేనా? మీ గ్రాండ్‌మానా?" అని అడిగింది ఇంగ్లీషులో.

నేను తల అడ్డంగా ఊపాను. మా పక్కింటావిడ అన్నాను. ఆ పిల్ల నవ్వి, రేపు స్కేటింగ్‌కి పిలవడానికి వస్తానంది. ఈ దేశంలో నన్ను మొదటిసారి ఒకరు ఆటకి పిలిచారు. అమ్మమ్మ మా ఇద్దర్నీ చూసి నవ్వుతూ నిలబడింది. ఇంగ్లీషు రాదు కాబట్టి ఆవిడకి ఏమీ అర్థం కాలేదనుకున్నాను. తల అడ్డంగా ఊపితే అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదని నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున అమ్మమ్మ పులిహోర కలిపింది. నేను టీవీ ముందు కూర్చుని ఆ పిల్ల కోసం చూస్తున్నాను.

"ఇవాళ నేను రాను" అన్నాను, టీవీ వైపే చూస్తూ.

"సరే" అంది.

వెనకాల చీర మార్చుకుంటున్న చప్పుడు. డ్రాయరు తీసిన చప్పుడు. మేజోళ్ళు, చెప్పులు, పాలసంచి గరగరలు. తర్వాత తలుపు దగ్గర ఏ చప్పుడూ లేదు. చాలాసేపు లేదు. ఆవిడ అక్కడే నిలబడి ఉందని నా వీపుకి తెలుస్తోంది. ఒంటరిగా ఎక్కడికి వెళ్తుంది? ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అడక్కూడదు కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే అడగనందుకు ఓ సాకు దొరికిందని లోపల సంతోషించాను. అడిగితే వద్దనాలి, వద్దంటే నేనూ వెళ్ళాలి. తలుపు మూసుకుంది.

స్కేటింగ్ బాగానే జరిగింది. రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయాయి. మధ్యాహ్నం ఇంటికొస్తే అమ్మమ్మ లేదు. మూడింటికి లేదు. వాన మొదలైంది. నాలుగింటికి కూడా లేదు. అలారం గడియారంలో అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. ఆ టక్‌టక్ వినలేక దాని మీద దిండు పెట్టాను.

అయిదింటికి అమ్మ వచ్చింది. గొడుగు కూడా ముడవకుండా ఇల్లంతా చూసి, "అమ్మమ్మేదే?" అంది.

"వెళ్ళింది."

"వెళ్ళిందా? ఎక్కడికి?"

"అడగలేదు."

"అదేంటే? ముసలావిడ ఒక్కతీ ఈ ఊళ్ళో బయటికి పోతుంటే ఎక్కడికని అడగలేదా?"

"అడక్కూడదు కదా" అన్నాను.

అమ్మ చెయ్యెత్తింది, కొట్టడానికే. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. కుర్చీలో కూలబడి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆస్పత్రిలో ఎవరేమన్నా, నాన్నకి ఉద్యోగం రాకపోయినా ఏడవని మనిషి.

నాకు భయం వేసింది. వెళ్ళి పంచాంగం తెచ్చి అమ్మ ఒళ్ళో దులిపాను. పేజీల మధ్య నుంచి చీటీలన్నీ రాలాయి. ఆకుపచ్చవి, గులాబీవి, పసుపువి. రెండు నెలల మా దొంగతనమంతా అమ్మ ఒళ్ళో పడింది. అమ్మ ఒక్కొక్కటీ ఎత్తి చూస్తూ, "ఇన్నిసార్లా?" అంది. ఆ మాటలో కోపం ఉందో, తను లేకుండా మేము తిరిగామన్న దిగులుందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

నాన్న రాగానే, ఆ నెలలోనే కొన్న పాత కారులో ముగ్గురం బయల్దేరాం. "ఎటు?" అన్నాడు నాన్న. "తూర్పు చివరి స్టాపుకి" అన్నాను. అక్కడే ఉంటుందని నాకు తెలుసని చెప్పలేను. అక్కడ లేకపోతే ఇంకెక్కడ వెతకాలో మాత్రం తెలియదు. వాన అద్దం మీద పడుతుంటే, దారంతా ఒక్కో స్టాపులో నిలబడిన ముసలివాళ్ళని చూస్తూ వెళ్ళాను. అంతమంది ముసలివాళ్ళు ఒంటరిగా తిరుగుతారని అంతకుముందు గమనించలేదు.

ఆవిడ అక్కడే ఉంది. గుండ్రని దారి పక్కన రేకుల షెడ్డు కింద బెంచీ మీద, తడిసిన ఉన్నికోటులో ముడుచుకుని కూర్చుంది. ఒళ్ళో పాలసంచి, పక్కన ఎవరో ఇచ్చిన కాగితం గ్లాసులో తాగని కాఫీ. చేతిలో నలిగిపోయిన ట్రాన్స్‌ఫర్ చీటీ. దాన్ని పట్టుకుని తిరుగుబండి ఎక్కబోతే డ్రైవర్ తల అడ్డంగా ఊపాడట. రెండో బండిలో మరొకతనూ అంతే. ఇంకో టోకెన్ తేవాలని ఆవిడకి తెలియదు. తెలియకుండా చేసింది నేనే. ఇంక అడగడం మానేసి, ప్రతి బండిలోంచీ ఎవరు దిగుతారా అని చూస్తూ కూర్చుందట. పులిహోరలో సగం తిని, సగం నాకు ఉంచింది.

కారులో వెనక సీట్లో ఆవిడ పక్కన కూర్చున్నాను. తడి ఉన్ని వాసన, ఇంగువ వాసన. అమ్మ ముందు సీట్లోంచి తిడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. అమ్మమ్మ నా మోకాళ్ళ మీద దెబ్బలు చూసి, చెంగుతో అద్దింది. కొంత దూరం పోయాక నాకు మాత్రమే వినబడేలా అంది.

"తలుపు దగ్గర కాసేపు నించున్నానే. అడుగుతావేమోనని."

"అడక్కూడదన్నావుగా" అన్నాను.

"అడిగితే ఏమయ్యేదే పిచ్చితల్లీ? వెనక్కొచ్చి కూర్చుని, కాసిని నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేదాన్ని. అంతేగా."

*

తర్వాత షికార్లు లేవు. అమ్మ టోకెన్లు తనతో తీసుకెళ్ళేది. అమ్మమ్మకి జలుబు చేసి, దగ్గు పట్టుకుని వదల్లేదు. చలికాలం దాకా ఉండాల్సిన మనిషి సెప్టెంబరులోనే ప్రయాణం కట్టింది. ఆ మిగిలిన రోజుల్లో పన్నెండో అంతస్తు పిల్ల మళ్ళీ లిఫ్టులో కనబడింది. ఈవిడ మా అమ్మమ్మ అని చెప్పాను, అడక్కపోయినా. ఆ పిల్ల ఓకే అంది. ఆ పిల్లకది ఏపాటి విషయం?

విమానాశ్రయంలో సామాను ఇచ్చేశాక, అమ్మమ్మ నా తల నిమిరి, లోపలికి వెళ్ళే దారి వైపు తిరిగింది. అదే కోటు, అవే మేజోళ్ళు. నాలుగడుగులు వేసింది. నాకెలా తోచిందో తెలియదు, బిగ్గరగా అరిచాను.

"ఎక్కడికి అమ్మమ్మా?"

అమ్మ అదిరిపడి నా భుజం పట్టుకుంది. "ఏమిటే ఆ పాడుమాట, విమానం ఎక్కబోయే మనిషిని!"

అమ్మమ్మ ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. తిరిగొచ్చి, అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో తీరిగ్గా కూర్చుంది. చెప్పులు కూడా విప్పింది. నాన్న కుళాయి దగ్గరికి పరిగెత్తి కాగితం గ్లాసులో నీళ్ళు తెచ్చాడు. ఒక్కో గుక్కే తాగింది. నేను ఆవిడ మోకాలికి ఆనుకుని నిలబడ్డాను. గ్లాసు ఖాళీ అయ్యాక దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుని లేచింది.

మూడు నిమిషాలు పట్టి ఉంటుందేమో. ఆ మూడు నిమిషాలూ నేను సంపాదించినవి.

ఆవిడ మళ్ళీ రాలేదు. రెండేళ్ళ తర్వాత ఫోన్ వచ్చింది.

*

ఇప్పుడు టోకెన్లు లేవు. కాగితం చీటీలూ లేవు. కార్డు తాకిస్తే కూతకూసే మిషన్లు వచ్చాయి. ఆ కార్డుతో రెండు గంటల్లోపల వెళ్ళడమూ రావడమూ రెండూ చెల్లుతాయి. మొదటిసారి ఆ సంగతి తెలిసిన రోజున, అమ్మమ్మ నమ్మింది ఇన్నాళ్ళకి నిజమైందే అనుకుని స్ట్రీట్‌కార్‌లో కూర్చుని ఏడ్చాను. ఎవరూ చూడలేదు. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

అమ్మ, నాన్న పోయారు. మావారు పోయి నాలుగేళ్ళు. అమ్మాయి ఎడ్మంటన్‌లో ఉంటుంది. ఆదివారాలు కారు నడుపుతూ స్పీకర్లో ఫోన్ చేస్తుంది. "హౌ ఆర్ యూ అమ్మా? గోయింగ్ అవుట్ ఎనఫ్?" అంటుంది. వెళ్తున్నానంటాను. "గుడ్, గుడ్" అంటుంది. దాని తప్పేం లేదు. ఎక్కడికని అడక్కూడదని చిన్నప్పుడు దానికి నేర్పింది నేనే.

ఇవాళ పొద్దున కూడా రైలుకి తయారయ్యాను. కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని, తలుపు మీద చెయ్యి వేశాను. వెనకాల ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, ఒక్క ఫ్రిజ్ చప్పుడు తప్ప. కాసేపు అలాగే నిలబడ్డాను. చాలాసేపే నిలబడ్డాను.

తర్వాత బూట్లు విప్పి, వంటింట్లోకి వెళ్ళి, కుర్చీలో కూర్చున్నాను. గ్లాసుడు నీళ్ళు ఒక్కో గుక్కే తాగి, అప్పుడు బయల్దేరాను.